పరదేశంలో పది డాలర్ల కార్డు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



కార్యదర్శిగారు నన్ను సింగపూరు యాత్రా విశేషాలు చెప్పమన్నారు. ఆ ఊరి మేడలు, తోటలు, దీపాలు మీరంతా టీవీలో చూసినవే. వాటిని నేను మళ్ళీ వర్ణిస్తే కాఫీ చల్లారిపోతుంది. అందుచేత ఒక్క విషయం గురించే మాట్లాడతాను. అది అక్కడి రైళ్ళలో, బస్సులలో వాడే కార్డు. ఇంత చిన్న విషయానికి అరగంట దేనికని మీరు అనుకోవచ్చు. ముప్ఫై ఆరేళ్ళు క్యాష్ బుక్కు రాసినవాడిని. చిన్న అంకె దగ్గరే పెద్ద సంగతి ఉంటుందని నా అనుభవం.

మన సభ్యులలో ఎవరి ఇంట చూసినా పిల్లలు ఒకరో ఇద్దరో విదేశాలలో ఉన్నారు. మనం వెళతాము. మొదటి వారం ఆనందంగా గడుస్తుంది. రెండో సోమవారం నుంచి అసలు కథ మొదలవుతుంది. అల్లుడు ఏడున్నరకు, అమ్మాయి ఎనిమిదికి, మనవడు అంతకంటే ముందే వెళ్ళిపోతారు. ఇంట్లో మనం, మన మందుల డబ్బా, తాళం వేసిన పద్నాలుగో అంతస్తు. సాయంత్రం వాళ్ళు అలసిపోయి వచ్చినప్పుడు “గుడికి తీసుకెళతావా అమ్మా?” అని అడగడానికి నోరు రాదు. అడిగితే వాళ్ళు కాదనరు, అదే బాధ. శని, ఆదివారాలు తప్ప బయట గాలి పీల్చే యోగం ఉండదు. ఇక్కడ రోజూ పరేడ్ గ్రౌండ్ చుట్టూ నడిచి, మోండా మార్కెట్లో వంకాయలు బేరమాడి వచ్చే మనిషి అక్కడ నెల రోజులు సామాను లాగా కూర్చుంటాడు. ఇది అమెరికా వెళ్ళినవారూ చెప్పారు, లండన్ వెళ్ళినవారూ చెప్పారు.

మేము దంపతులం 2024 జనవరి మొదటి వారంలో వెళ్ళాము, ముప్ఫై రోజులున్నాము. అమ్మాయి ఇల్లు ఊరికి ఈశాన్యాన పొంగోల్ అనే పేటలో ఉంది. ఒంగోలు కాదు, పొంగోలు. ఆ పేరు విని మా ఆవిడ సగం స్థిమితపడింది. వెళ్ళిన మర్నాడే అమ్మాయి మా ఇద్దరికీ చెరొక కార్డు కొని చేతిలో పెట్టింది. ఈజీ-లింక్ అని దాని పేరు. వెల పది డాలర్లు. అందులో అయిదు కార్డు ఖరీదు, అది తిరిగి రాదు. మిగతా అయిదు డాలర్లు ప్రయాణానికి. అప్పట్లో వాళ్ళ డాలరు సుమారు 62 రూపాయలు. మనిషికొక కార్డు ఉండి తీరాలి. ఒకే కార్డు మీద ఇద్దరు వెళ్ళే వీలు లేదు.

“నాన్నా, డబ్బు అయిపోతే చెప్పండి, ఈయన ఫోనులోంచి వేస్తారు” అంది అమ్మాయి.

“మామయ్యగారూ, మీరు దాని గురించి ఆలోచించకండి” అన్నాడు అల్లుడు. చాలా మంచివాడు. కానీ ఆలోచించకుండా ఎలా ఉంటాం? గుడికి వెళ్ళి రావడానికి అల్లుడి దగ్గర చిల్లర పుచ్చుకునే మామగారిని మీరెక్కడైనా చూశారా? స్టేషనులో యంత్రం ఉంది, దానికి నోటు ఇస్తే చాలని తెలుసుకున్నాను. మర్నాడు ఉదయం అందరూ వెళ్ళాక, ఇక్కడి నుంచి మార్చి తీసుకెళ్ళిన డబ్బులో ఒక పది డాలర్ల నోటు పట్టుకెళ్ళి వేశాను. కార్డును పలక మీద పెట్టాలి, నోటు లోపలికి పెట్టాలి, తెర మీద 15 డాలర్లు అని కనబడుతుంది. నా పింఛను డబ్బు, నా కార్డు. ఆ రోజు నుంచే మా సింగపూరు యాత్ర మొదలైందని నా లెక్క.

ఇక వాడే విధానం. రైలు స్టేషనులో లోపలికి వెళ్ళేటప్పుడు ద్వారం దగ్గర పలకకు కార్డు ఆనిస్తే తలుపు తెరుచుకుంటుంది. బయటకు వచ్చేటప్పుడు మళ్ళీ ఆనించాలి. అప్పుడు ఎంత కోసుకున్నారో, ఎంత మిగిలిందో రెండు అంకెలూ కనబడతాయి. కార్డులో బ్యాటరీ ఉండదు. లోపల సన్నని తీగచుట్ట, ఒక చిప్పు ఉంటాయి. పలక నుంచి వచ్చే రేడియో తరంగాల శక్తితోనే అది ఒక్క క్షణం మేలుకొని లెక్క చెప్పి మళ్ళీ పడుకుంటుంది. మనలో కొందరు కార్డును స్టాంపు కొట్టినట్టు గట్టిగా కొడతారు. అవసరం లేదు, ఊరికే ఆనిస్తే చాలు.

బస్సులో మాత్రం జాగ్రత్త. ముందు ద్వారం దగ్గర ఎక్కేటప్పుడు ఆనించాలి, దిగేటప్పుడు వెనుక ద్వారం దగ్గర తప్పకుండా మళ్ళీ ఆనించాలి. అక్కడ చార్జీ దూరాన్ని బట్టి. మీరు దిగారని యంత్రానికి మీరు చెప్పకపోతే, ఆ బస్సు చివరి స్టాపు దాకా వెళ్ళారని లెక్క కడుతుంది. గుడిలో పరిచయమైన విజయవాడ మాస్టారొకరు మొదటి రోజే ఆ విధంగా చివరి స్టాపు దాకా డబ్బు కట్టి, రెండో స్టాపులో దిగారు. “ఏమండీ, దిగేవాడిని కూడా టికెట్టు అడుగుతారని మనకెలా తెలుస్తుంది?” అని ఆయన వాదన. న్యాయమైనదే. లండనులో బస్సు ఎక్కేటప్పుడు ఒక్కసారి ఆనిస్తే చాలు, దిగేటప్పుడు పని లేదు. అక్కడ బస్సుకు ఎంత దూరమైనా ఒకే చార్జీ గనుక. అక్కడి భూగర్భ రైలుకు మాత్రం రెండుసార్లు. ఏ ఊరు వెళితే ఆ ఊరి నియమం ముందు కనుక్కోవాలి. ఒక ఊరి అలవాటు ఇంకో ఊరికి పనికిరాదు.

ఇక్కడ నాకు మన ఆర్టీసీ కండక్టరు గుర్తుకొచ్చాడు. చిల్లర లేదంటూ టికెట్టు వెనుక అంకె రాసిచ్చేవాడు. దిగే స్టాపు వచ్చేసరికి ఆ జనంలో ఆయన ముందుంటే మనం వెనుక, మనం ముందుంటే ఆయన వెనుక. ఆ విధంగా మనం ప్రభుత్వానికి సమర్పించుకున్న చిల్లర ఎంతో ఎవరు లెక్క కట్టగలరు! ఈ కార్డు అంటే టికెట్టు వెనుక రాసిన ఆ చిల్లరే. తేడా ఏమిటంటే ఇది సెంటు కూడా మరచిపోదు. 15 డాలర్లున్న కార్డుతో దగ్గరి దూరం బస్సు ఎక్కి దిగితే 1.09 కోత, 13.91 నిల్వ. నేను వెళ్ళినప్పుడు 3.2 కిలోమీటర్ల లోపు కనీస చార్జీ అదే, 1.09. నా జేబు డైరీలో ప్రారంభ నిల్వ, ఖర్చు, ముగింపు నిల్వ రోజూ రాసుకున్నాను. ముప్ఫై రోజులలో ఒక్క సెంటు తేడా రాలేదు. ఆడిట్ వారు వచ్చినా కాఫీ తాగి వెళ్ళవలసిందే.

వాళ్ళ నియమాలలో నాకు అన్నిటికంటే నచ్చినది ఒకటి చెబుతాను. బస్సు దిగి రైలు ఎక్కి, మళ్ళీ బస్సు ఎక్కినా అదంతా ఒకే ప్రయాణం. 2010 జూలై నుంచి అమలులో ఉంది. బస్సులో ఒక కిలోమీటరు, రైలులో రెండు కిలోమీటర్లు వెళితే మొత్తం మూడు కిలోమీటర్లకే చార్జీ, కనీస చార్జీ రెండుసార్లు పడదు. దీనికి షరతులు మన జీవోలలో ఉన్నట్టే ఉన్నాయి. ఒకటి దిగి మరొకటి ఎక్కడానికి 45 నిమిషాలు, మొత్తం ప్రయాణానికి రెండు గంటలు, మారడం అయిదుసార్లకు మించకూడదు, దిగిన నంబరు బస్సే మళ్ళీ ఎక్కకూడదు. ఆఖరి షరతు ఎవరు రాశారో గాని, ఆయన తప్పకుండా టి.ఏ. బిల్లులు చూసిన మనిషి.

ఇంకొకటి మన వయసువారికి బాగా పనికివస్తుంది. సెలవు కాని వారపు రోజులలో ఉదయం 7.45 లోపల రైలు ద్వారం దాటి లోపలికి వెళితే 50 సెంట్ల దాకా తగ్గింపు. మనం నాలుగున్నరకే లేచి కూర్చుంటాం కదా. తెల్లవారుజామున మనకు వచ్చే మెలకువకు ధర కట్టిన ప్రభుత్వాన్ని నేను మొదటిసారి చూశాను. పొంగోల్ నుంచి ఊదారంగు లైనులో కూర్చుంటే మారే పని లేకుండా ఫారర్ పార్క్ స్టేషను. డ్రైవరు లేని రైలు అది. స్టేషను పైకి వస్తే సెరంగూన్ రోడ్డు, శ్రీనివాస పెరుమాళ్ కోవెల. సుప్రభాతం వేళకు కాకపోయినా ఉదయం దర్శనానికి అందుకునేవాళ్ళం. తరువాత అక్కడే ఇడ్లీ, ముస్తఫా సెంటరులో ఒక చుట్టు, మధ్యాహ్న భోజనానికి ఇల్లు. సాయంత్రం అమ్మాయి వచ్చి “ఏం నాన్నా, విసుగ్గా ఉందా?” అంటే చెప్పడానికి మా దగ్గర కబుర్లుండేవి. అంతకుముందు మేము వినేవాళ్ళం, వాళ్ళు చెప్పేవాళ్ళు.

మా ఆవిడకు మాత్రం ఒక ఫిర్యాదు ఉండిపోయింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి ఆర్టీసీలో ఉచితం కదా. సున్నా టికెట్టు మీద సికింద్రాబాదు అంతా తిరిగి, నెలలోపే విమానం ఎక్కి వచ్చిన మనిషి. “ఏమండీ, అక్కడ ఊరికే తిరిగేదాన్ని, ఇక్కడ సందు చివరికి అరవై ఏడు రూపాయలా?” అనేది ప్రతి రోజూ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మేము అక్కడ ఉండగానే ఈ కార్డు మీద పెద్ద గొడవ జరిగింది. సింగపూరు వంటి చోట ప్రభుత్వం ఒక మాట అని వెనక్కు తీసుకోవడం అరుదు. కనుక శ్రద్ధగా వినండి.

మేమున్న కార్డులో డబ్బు అంకె కార్డు లోపలి చిప్పులోనే ఉంటుంది. ద్వారం దాన్ని చదివి, కోసి, కొత్త నిల్వ దాని మీదే రాస్తుంది. అందుకే వెంటనే చూపగలుగుతుంది. సింప్లీగో అని ఇంకొక పద్ధతి 2019 నుంచి నడుస్తోంది. అందులో కార్డు మీద నంబరు మాత్రమే ఉంటుంది. డబ్బు లెక్క ఎక్కడో కేంద్ర కంప్యూటరులో ఉంటుంది. ద్వారం మీ నంబరు నోట్ చేసుకొని పంపిస్తుంది, లెక్క తరువాత కడతారు. మొదటిది జేబులో పర్సు. రెండోది కిరాణా కొట్టులో ఖాతా, సరుకు మనం తెచ్చుకుంటాం, పుస్తకం శెట్టిగారి దగ్గర ఉంటుంది. రెండో పద్ధతికి లాభాలు లేకపోలేదు. కార్డు పోతే దాన్ని ఆపించవచ్చు, డబ్బు పోదు. ఇంట్లో కూర్చొని ఫోనులోంచి డబ్బు వేసుకోవచ్చు. మామూలు బ్యాంకు కార్డునే ఆనించి వెళ్ళవచ్చు. కానీ ద్వారం దగ్గర ఎంత కోసిందీ, ఎంత మిగిలిందీ కనబడదు. అది తెలియాలంటే ఫోనులో యాప్ తెరవాలి.

2024 జనవరి 9న అక్కడి భూరవాణా సంస్థ ఒక ప్రకటన చేసింది. జూన్ 1 నుంచి పెద్దలకు పాత పద్ధతి కార్డులు చెల్లవు, అందరూ సింప్లీగోలోకి మారాలి. అప్పటికే పెద్దల ప్రయాణాలలో మూడింట రెండు వంతులు కొత్త పద్ధతిలోనే జరుగుతున్నాయి గనుక ఎవరూ ఏమీ అనరని వారు భావించి ఉంటారు. మర్నాటి నుంచి పేపర్ల నిండా అదే. కార్డు మార్చుకోవడానికి టికెట్టు కార్యాలయాల దగ్గర బారులు. డబ్బు కోసుకొని ఎంత కోశారో చెప్పకపోవడం ఏమిటని జనం అడిగారు. వాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, చేతిలో ఫోన్లున్నవాళ్ళు. అయినా అడిగారు.

పదమూడు రోజులకు, జనవరి 22న, అప్పటి రవాణా మంత్రి చీ హాంగ్ టాట్ గారు ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకుంటున్నట్టు ప్రకటించారు. పాత యంత్రాంగాన్ని కొనసాగించడానికి అదనంగా 4 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని, అయినా కొనసాగిస్తామని చెప్పారు. కనీసం 2030 దాకా నడుస్తుందన్నారు. మన లెక్కలో దాదాపు 250 కోట్ల రూపాయలు. దేనికోసం? ద్వారం దగ్గర రెండు అంకెలు కనబడడం కోసం.

“ఇది వృథా కదా మామయ్యగారూ, అందరి దగ్గరా ఫోన్ ఉంది” అన్నాడు అల్లుడు ఆ రాత్రి భోజనాల దగ్గర. వృత్తిరీత్యా ఆయన కంప్యూటరు మనిషి, ఆయనకు ఆ ఖర్చు అలాగే కనబడుతుంది. నేను చెప్పింది ఇది: “బాబూ, నా కార్డు ఆ పద్ధతిలో ఉంటే నా నిల్వ ఎవరి ఫోనులో కనబడుతుంది? నా ఫోనుకు ఇక్కడి నంబరు లేదు, యాప్ లేదు. నీ ఫోనులోనే కదా. అప్పుడు నేను ఏ రోజు ఎక్కడికి వెళ్ళానో, ఎన్ని సెంట్లు ఖర్చు పెట్టానో నీకు తెలుస్తుంది గాని నాకు తెలియదు.” ఆయన కాసేపు ఆలోచించి, “అది నాకు తట్టలేదండీ” అన్నాడు. మా ఆవిడ పెరుగు వడ్డించింది.

మనం ఇప్పటికీ బ్యాంకుకు వెళ్ళి పాసుబుక్కు ప్రింటు చేయించుకుంటాం. కౌంటరులో కుర్రవాడు “సార్, మెసేజ్ వస్తుంది కదా” అంటాడు. మెసేజ్ మనవడి ఫోనుకో, కోడలి ఫోనుకో వస్తుంది. మన డబ్బు సంగతి మనకు చివర తెలుస్తుంది. వాళ్ళు మోసం చేస్తారని కాదు. ఎంతో ప్రేమగానే చూసి చెబుతారు. కానీ చూసి చెప్పించుకునే స్థితి వేరు, చూసుకునే స్థితి వేరు. సర్వీసులో ఉండగా ఒక్క సంతకానికి ఎన్ని బల్లల దగ్గర నిలబెట్టామో, నిలబడ్డామో మనకు తెలియనిది కాదు.

వయసు రాయితీ గురించి చాలామంది అడిగారు. సింగపూరులో 60 దాటినవారికి ఉంది గాని, అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. మనం పూర్తి చార్జీ ఇవ్వవలసిందే. లండనులో 60 దాటినవారికి ఇచ్చే కార్డు కూడా ఆ ఊరి నివాసులకే. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతానికి వెళ్ళేవారు మాత్రం ఇది రాసుకోండి. అక్కడ క్లిప్పర్ అనే కార్డు ఉంది. 65 నిండినవారికి సీనియర్ క్లిప్పర్ ఇస్తారు, వయసుకు రుజువుగా మన పాస్‌పోర్టు చూపవచ్చు. ఫ్రీమాంట్ దగ్గర పిల్లలున్న మన సభ్యులు చాలామంది ఉన్నారు. బార్ట్ రైలులో దానికి సగానికి పైగా తగ్గింపు వస్తుంది. ఏ దేశం వాడివని కాక ఎన్నేళ్ళవాడివని అడిగే చోటు అది. మన రైళ్ళలో మగవారికి 40, ఆడవారికి 50 శాతం చొప్పున ఉన్న వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆగిన సంగతి మీకు నేను చెప్పనవసరం లేదు. ముందు వరుసలో ముఖాలు చూస్తేనే తెలుస్తోంది.

మన బ్యాంకు కార్డే అక్కడ ఆనించవచ్చా అని కూడా అడిగారు. వీసా, మాస్టర్‌కార్డు గుర్తున్న, ఆనించి చెల్లించే కార్డయితే సింగపూరులో పనిచేస్తుంది. నేను వెళ్ళినప్పుడు విదేశీ కార్డులకు వాడిన రోజుకు 60 సెంట్లు అదనం ఉండేది, మన బ్యాంకు మారకపు రుసుము వేరే. రెండు రోజులుండి వచ్చేవారికి సరే. పర్యాటకులకు ఒకటి, రెండు, మూడు రోజుల పాసులూ ఉన్నాయి, పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగే కాళ్ళున్నవారికి. నెల ఉండేవారికి మామూలు కార్డే మేలు. 2022 మార్చి నుంచి అక్కడి రైళ్ళకు విడి టికెట్టు అమ్మడం మానేశారు. బస్సులో డబ్బులిచ్చి ఎక్కవచ్చు గాని చార్జీ ఎక్కువ, చిల్లర తిరిగి ఇవ్వరు. టికెట్టు వెనుక రాసి కూడా ఇవ్వరు.

చివరగా మన ఊరి మాట. సికింద్రాబాదులో మెట్రో 2017 నవంబరు నుంచి ఉంది. ఎం.ఎం.టి.ఎస్. 2003 నుంచి ఉంది. ఆర్టీసీ సంగతి చెప్పేదేముంది. మెట్రో కార్డు వేరు, బస్సు పాసు వేరు, రైలు సీజన్ టికెట్టు వేరు. దేశమంతటికీ ఒకే రవాణా కార్డు అని 2019 మార్చిలో కేంద్రం ప్రారంభించింది. మన ఊళ్ళో మూడింటినీ ఒకే ప్రయాణంగా లెక్క కట్టే రోజు వస్తే సంతోషం. వచ్చినప్పుడు ఒక్క విషయం మన తరఫున ముందే చెప్పి ఉంచాలని నా ప్రతిపాదన. డబ్బు ఎక్కడ కోస్తారో అక్కడే, ఫోను అవసరం లేకుండా, కోత ఎంతో నిల్వ ఎంతో పెద్ద అంకెలలో చూపాలి. తీర్మానం ముసాయిదా టైపు చేయించి కార్యదర్శిగారికి ఇచ్చాను. అంకెలు కనీసం ఎంత పెద్దవి ఉండాలో కంటి ఆపరేషను అయిన సభ్యులు సవరణ ప్రతిపాదించవచ్చు.

మా కార్డులు రెండూ వెంట తెచ్చాను. వాటి మీద పేరు ఉండదు, ఎవరైనా వాడవచ్చు. మామూలుగా అయిదేళ్ళ గడువు, ఇంకా మిగిలే ఉంది. ఒకదానిలో 3.42, ఇంకొకదానిలో 6.18 డాలర్లు నిల్వ. సింగపూరు వెళ్ళే సభ్యులు సంఘ కార్యాలయంలో రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్ళండి. ఉన్న నిల్వ వాడుకోవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు ముగింపు నిల్వ కాలం ఖాళీగా వదలవద్దని మనవి.